అక్రిలిక్ నెయిల్ బ్రష్ ఎందుకు గట్టిపడుతుంది, దాన్ని ఎలా దాచుకోవాలి

అక్రిలిక్ గోళ్లు పెట్టే బ్రష్‌ను ఎలా శుభ్రం చేయాలని నలుగురిని అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఒకరు ఎసిటోన్‌లో ముంచి తీయమంటారు. ఇంకొకరు ఎసిటోన్‌ను దరిదాపులకు కూడా రానివ్వొద్దంటారు. షాంపూతో కడిగి, కండిషనర్ పట్టించి ఆరబెట్టమనేవాళ్లు ఉన్నారు, నీటి చుక్క తగిలితే బ్రష్ పోయినట్టేననేవాళ్లూ ఉన్నారు. ఇక దాచే విషయంలో పెద్ద తగాదానే. నిలబెట్టాలా, పడుకోబెట్టాలా, తలకిందులుగా వేలాడదీయాలా? కొత్తగా పని నేర్చుకునే అమ్మాయి ఇవన్నీ విని, సగం పాటించి, వేలు పోసి కొన్న బ్రష్ రెండు నెలల్లో కొస చీలిపోయేసరికి నాసిరకం అంటగట్టారని కొట్టువాణ్ణి తిట్టుకుంటుంది.

నిజానికి ఈ సలహాల్లో చాలావాటిలో తప్పు లేదు. ఒక రకం బ్రష్‌కు చెప్పాల్సింది ఇంకో రకానికి చెప్పడంతోనే చిక్కంతా వస్తోంది. గోళ్ల పనిలో ప్రధానంగా మూడు రకాల బ్రష్‌లు వాడతారు. సన్నటి గీతలు, పువ్వులు వేయడానికి అక్రిలిక్ రంగుల్లో ముంచేవి మొదటి రకం. ఆ రంగు నీటితో కలిసేది కాబట్టి బ్రష్‌ను సబ్బుతో కడిగేయొచ్చు. రెండోది జెల్ బ్రష్. జెల్ అతినీలలోహిత కాంతి పడితే గట్టిపడుతుంది కనుక దానికి ల్యాంపూ, కిటికీలోంచి వచ్చే ఎండా శత్రువులు. మూడోది లిక్విడ్‌నూ పౌడర్‌నూ కలిపి గోరు కట్టే బ్రష్. దీని లెక్క పూర్తిగా వేరు. ఆన్‌లైన్‌లో "అక్రిలిక్ బ్రష్ క్లీనింగ్" అని వెతికితే ఈ మూడింటి వీడియోలూ కలగలిసి వస్తాయి. కాన్వాస్ మీద బొమ్మలు వేసేవాళ్ల వీడియోలు అదనం. షాంపూ, కండిషనర్ సలహా అక్కడి నుంచి వచ్చిందే.

ఇక్కడ మాట్లాడుకునేది మూడో రకం గురించి. దీని విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: వెంట్రుకల కుచ్చు పొట్టలో పౌడర్ మిగలకూడదు. ఎవరు ఏ సలహా ఇచ్చినా దానివల్ల లోపలి పౌడర్ బయటికి వస్తుందా, ఇంకా లోపలికి పోతుందా అని చూస్తే అది పనికొచ్చేదో కాదో తేలిపోతుంది.

గోరు మీద జరిగేదే బ్రష్‌లోనూ జరుగుతుంది

లిక్విడ్ అని మనం పిలిచేది ఎక్కువగా ఇథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్. అంటే విడివిడిగా తిరిగే చిన్న అణువులు. పౌడర్ అంటే అలాంటి అణువులే ముందుగా గొలుసులుగా కట్టుకుని, మెత్తటి పూసలుగా మారిన ప్లాస్టిక్. ఆ పౌడర్‌లో కొద్దిగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంటుంది. మొటిమల క్రీముల్లో ఉండేదీ అదే, ఇక్కడ దాని పని వేరు. లిక్విడ్‌లో డైమిథైల్ పారా టొలుయిడిన్ వంటి అమైన్ ఒకటి ఉంటుంది. రెండూ కలవగానే అమైన్ ఆ పెరాక్సైడ్‌ను విరగ్గొడుతుంది, అప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు మోనోమర్ అణువులను ఒకదానికొకటి ముడివేస్తూ పోతాయి. ల్యాంప్ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, గది వేడి చాలు.

పళ్ల డాక్టర్లు అప్పటికే వాడుతున్న అక్రిలిక్‌తో, 1950లలో ఫిలడెల్ఫియాలోని ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు విరిగిన తన గోటిని అతికించుకున్నాడని, కృత్రిమ గోళ్ల వ్యాపారం అక్కడి నుంచే మొదలైందని చెబుతారు. పళ్ల సెట్టుకూ మన గోళ్లకూ మూల పదార్థం ఒకే కుటుంబానిది. పళ్ల సెట్టు ఎంత గట్టిదో తెలిసినవాళ్లకు, అదే బ్రష్ మొదట్లో, అంటే వెంట్రుకల మొదలు దగ్గర, చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రసాయనం నుంచి మనకు పనికొచ్చే సంగతులు రెండు. మొదటిది, లిక్విడ్ ఒక్కటే ఉన్న బ్రష్ గట్టిపడదు. దానిలో పెరాక్సైడ్ లేదు, పైగా ఆవిరయ్యే గుణం ఉంది, కాసేపటికి ఎగిరిపోతుంది. రెండోది, పౌడర్ కలిసిన ముద్ద మెత్తగా ఉండే సమయం చాలా తక్కువ. గోరు మీద పెట్టిన బీడ్, అంటే బ్రష్ కొసతో తీసిన ఆ చిన్న ముద్ద, మూడు నాలుగు నిమిషాల్లో ఫైల్ చేసేంత గట్టిపడుతుంది, కానీ లోపల చర్య పూర్తయ్యేసరికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. బ్రష్‌లో మిగిలినదానికీ ఇదే కాలపట్టిక. మొదటి నిమిషంలో అది టిష్యూకు అంటుకుని వచ్చేస్తుంది. గంట తర్వాత అయితే నానబెట్టి బతిమాలాలి. మర్నాటి పొద్దుటికి అది ప్లాస్టిక్ ముక్క.

అది కూడా ఎక్కడ గట్టిపడుతుందో చూడాలి. ఈ చర్యకు గాలిలోని ఆక్సిజన్ కొంత అడ్డు. బయటి వెంట్రుకల మీది పొర పలచగా ఉంటుంది, గాలి తగులుతుంది, తుడిస్తే పోతుంది. కుచ్చు మొదట్లో, లోహపు గొట్టంలోకి వెంట్రుకలు దూరే చోట గాలి తక్కువ, తుడుపు అందదు. అక్కడ చేరిన పౌడర్ నిక్షేపంగా గట్టిపడుతుంది. మొదట్లో గడ్డ కట్టగానే వెంట్రుకలు పక్కలకు నెట్టుకుంటాయి, కొస రెండుగానో మూడుగానో చీలుతుంది. మనకు కనిపించే జబ్బు కొసన, అసలు రోగం మొదట్లో. కొసను ఎంత తిప్పి, నలిపి, సూదిగా చేసినా మళ్లీ విచ్చుకుంటుందంటే కారణం అదే.

ఇంత ఖరీదు పెట్టేది దేనికి

మంచి అక్రిలిక్ బ్రష్‌ల మీద "కొలిన్‌స్కీ" అని రాసి ఉంటుంది. సైబీరియన్ వీజిల్ అనే జంతువు తోక వెంట్రుకలకు వ్యాపారంలో ఉన్న పేరు అది. మన ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, సైబీరియా, చైనా, కొరియాల్లోనే కాక మన హిమాలయాల్లోనూ తిరుగుతుంది. చలికాలపు తోక వెంట్రుక మధ్యలో లావుగా ఉండి, కొస దగ్గర సన్నబడుతుంది. అలాంటివి కొన్ని వందలు కట్టగడితే వాటి మధ్య సందుల్లో లిక్విడ్ నిలుస్తుంది, కొస మాత్రం సూదిగా కూడుతుంది. వెంట్రుక పైన ఉండే సన్నటి పొలుసులు లిక్విడ్‌ను పట్టి ఉంచి, నొక్కినప్పుడు కొద్దికొద్దిగా వదులుతాయి. బీడ్ సాఫీగా రావాలంటే కావాల్సింది ఇదే.

నైలాన్ బ్రష్ నున్నగా ఉంటుంది, లిక్విడ్‌ను అంతగా పట్టుకోదు, ఒక్కసారిగా వదిలేస్తుంది. జెల్‌కు అది బాగానే సరిపోతుంది. అక్రిలిక్‌కు మాత్రం బీడ్ ఒకసారి నీళ్లగా, ఒకసారి పొడిగా వచ్చి కొత్తవాళ్లను ఏడిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. రెండు వందల రూపాయలకు "100 శాతం కొలిన్‌స్కీ" అని అమ్మేవాటిని నమ్మకండి. కొత్త బ్రష్ నుంచి రాలిన వెంట్రుక ఒకటి, లిక్విడ్ తగలనిది తీసుకుని, లిక్విడ్ సీసాకు దూరంగా వేరే గదిలో కాల్చి చూడండి. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి చిన్న గుండులా గట్టిపడుతుంది. ఈ పరీక్షతో జంతువుది అని తెలుస్తుంది గానీ ఏ జంతువుదో తెలియదు. మన దేశంలో ఆ ప్రశ్న చిన్నది కాదు. ఒకప్పుడు బొమ్మల బ్రష్‌లకు ముంగిస జుట్టు విరివిగా వాడేవారు. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అది నేరం. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ "ఆపరేషన్ క్లీన్ ఆర్ట్" పేరుతో చాలాచోట్ల దాడులు చేసింది. ఉత్తరప్రదేశ్‌లోని షేర్‌కోట్ బ్రష్‌ల తయారీకి పేరుమోసిన ఊరు కాబట్టి దాని పేరు ఆ వార్తల్లో బాగా వినిపించింది. సైబీరియన్ వీజిల్‌ను కూడా భారత్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం మూడో అనుబంధంలో చేర్చింది. జంతువుల వెంట్రుక వద్దనుకునేవాళ్లకు ఇప్పుడు మెరుగైన సింథటిక్ బ్రష్‌లు వస్తున్నాయి. కొసకు పొలుసుల లాంటి గరుకు పెట్టి తయారుచేస్తున్నారు. నేర్చుకునే మొదటి రోజుల్లో ఎలాగూ ఒకటో రెండో బ్రష్‌లు పాడవుతాయి కాబట్టి, మొదటిదే ఖరీదైనది కొనడం నాకు దండగనిపిస్తుంది.

సైజు గురించి ఒక్క మాట. 8, 10, 12, 16 అని అంకెలు ఉంటాయి గానీ, ఒక కంపెనీ 10 ఇంకో కంపెనీ 12 అంత ఉండొచ్చు. పెద్ద బ్రష్‌తో పని తొందరగా అవుతుంది, కానీ పొట్ట పెద్దది కాబట్టి లోపల పౌడర్ దాక్కునే చోటూ ఎక్కువే. తుడవడం అలవాటు కాకముందే 16కు వెళ్లకపోవడం మంచిది.

కొత్తది తెరిచిన రోజు

కొత్త బ్రష్ బిరుసుగా, సూదిగా ఉంటుంది. రవాణాలో కొస చెదరకుండా గంజి లాంటి జిగురు పెడతారు. చాలామంది దీన్ని నీళ్లలో నానబెట్టి వదిలిస్తారు. అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని, మొదటి నుంచి కొస వైపు మెల్లగా నలుపుతూ పోతే జిగురు పొడిగా రాలిపోతుంది. వెంట్రుకలు విడివడ్డాక దులిపి, లిక్విడ్‌లో ముంచి, టిష్యూ మీద తుడిచి, మళ్లీ ముంచి తుడవాలి. తెల్లటి పొడి రావడం ఆగేదాకా ఇది చేయాలి. ఊడిన వెంట్రుకలు ఒకటి రెండు ఈ దశలోనే బయటపడతాయి. పక్కకు పొడుచుకు వచ్చిన వెంట్రుకను లాగకండి, చిన్న కత్తెరతో మొదట్లో కత్తిరించండి. లాగితే దాని పక్కవి వదులవుతాయి.

కొందరు బ్రష్ వెడల్పు కావాలని పట్టకారుతో లోహపు గొట్టాన్ని నొక్కుతారు. దీన్నే క్రింపింగ్ అంటారు. లోపల వెంట్రుకలను పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు ఆ నొక్కుడుకు పగిలితే, ఇక ఆ బ్రష్ వెంట్రుకలు రాలుస్తూనే ఉంటుంది. వెడల్పుది కావాలంటే నొక్కి తయారుచేసినదే కొనుక్కోవడం మేలు.

శుభ్రం చేయాల్సింది పని మధ్యలోనే

"రోజూ పని అయ్యాక బ్రష్ శుభ్రం చేస్తాను, అయినా పాడైంది" అనే మాట నెయిల్ స్టూడియోల్లో తరచూ వినిపిస్తుంది. పని అయ్యేసరికి ఆలస్యమైపోతోంది, అసలు సంగతి అది. ఒక సెట్ గంటన్నర పడితే, మొదటి గోటి పౌడర్ బ్రష్‌లో గంటన్నర నుంచి గట్టిపడుతూ ఉన్నట్టు. అందుకే ప్రతి బీడ్ పెట్టాక, అవును ప్రతి బీడ్‌కూ, బ్రష్‌ను లిక్విడ్‌లో ఒకసారి అద్ది నూగు వదలని టిష్యూ మీద తుడవాలి.

తుడవడంలోనూ పద్ధతి ఉంది. బ్రష్‌ను టిష్యూ మీద దాదాపు పడుకోబెట్టి, మొదటి నుంచి కొస వైపు ఒకే దిక్కుకు లాగాలి. వేళ్ల మధ్య పిడిని కొద్దిగా తిప్పుతూ లాగితే అన్ని వైపులా తుడుచుకుపోతుంది, కొస దానంతటదే సూదిగా వస్తుంది. కొసను నిటారుగా పొడిచి రుద్దితే పౌడర్ పైకి, అంటే మొదట్లోకి ఎక్కుతుంది. మనం వద్దనుకునేది సరిగ్గా అదే. దూది వాడొద్దు, దాని పోగులు వెంట్రుకల్లో చిక్కుకుని తర్వాతి గోరులో తేలతాయి.

బీడ్ తీసేటప్పుడే బ్రష్ ఆయుష్షు సగం నిర్ణయమైపోతుంది. బ్రష్‌ను పౌడర్‌లో కూరకుండా, కొసతో పైన సన్నగా గీత గీసినట్టు లాగితే బీడ్ కొసకే పరిమితమవుతుంది. పొట్టదాకా గుచ్చి తీస్తే పౌడర్ పొట్టలో కూర్చుంటుంది. పొడి బీడ్ కూడా ప్రమాదమే. లిక్విడ్ పౌడర్ కన్నా ఎక్కువ, సుమారుగా ఒకటిన్నర వంతు ఉంటే గోరుకూ మంచిది, బ్రష్‌కూ మంచిది. లిక్విడ్ తక్కువైన బీడ్ వెంట్రుకల్లోనే గడ్డకట్టడం మొదలెడుతుంది.

పని అంతా అయ్యాక చిన్న గాజు గిన్నెలో కొత్త లిక్విడ్ కొద్దిగా పోయండి. పని చేసిన పాత లిక్విడ్ పనికిరాదు, దానిలో అప్పటికే పౌడర్ తేలుతూ ఉంటుంది. బ్రష్‌ను ముంచి, గిన్నె గోడకు వెంట్రుకలను మెల్లగా ఆనించి, తీసి తుడవండి. టిష్యూ మీద రంగు గానీ జిగట గానీ కనపడకుండా పోయేదాకా చేయండి. చివరిసారి తుడిచేటప్పుడు తిప్పి కొస కూర్చండి. ఇంతే. ఏ ప్రత్యేక ద్రవమూ కొనక్కర్లేదు.

మిగిలిన లిక్విడ్‌ను తిరిగి సీసాలో పోసే అలవాటు కొందరికి ఉంది. వంద రూపాయల పొదుపు కోసం వెయ్యి రూపాయల సీసా పోగొట్టుకోవడం అది. పాలలో పడ్డ తోడు చుక్కలా, ఆ కొంచెం పౌడర్ సీసా మొత్తాన్ని మెల్లగా చిక్కబరుస్తుంది. సింకులో కూడా పోయకూడదు. టిష్యూలో పీల్చి, జిప్ కవర్‌లో పెట్టి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయాలి.

ఎసిటోన్ ఎందుకు వద్దు, నీళ్లెందుకు వద్దు

ఎసిటోన్ సలహా పైకి తెలివిగానే కనిపిస్తుంది. అక్రిలిక్ గోళ్లు తీసేది ఎసిటోన్‌తోనే కదా, మరి బ్రష్‌లోదీ తీయదా? గోటి మీద ఏం జరుగుతుందో గమనిస్తే జవాబు దొరుకుతుంది. ఎసిటోన్‌లో ఇరవై ముప్పై నిమిషాలు నానాక అక్రిలిక్ నీళ్లలా కరిగిపోదు, ఉబ్బి జిగట ముద్దవుతుంది, దాన్ని పుల్లతో తోసేస్తాం. బ్రష్‌లో ఆ ముద్దను తోసేయడానికి చోటు లేదు. పలచబడిన జిగట వెంట్రుకల మధ్యకు, గొట్టంలోకి ఇంకా లోతుగా జారుతుంది. ఎసిటోన్ చిటికెలో ఆవిరైపోతుంది, జిగట అక్కడే వెంట్రుకలను అతికించేసి ఉండిపోతుంది. పైగా ఎసిటోన్ వెంట్రుకలోని సహజమైన జిడ్డును లాగేస్తుంది. గోళ్ల రంగు తీశాక వేళ్ల చుట్టూ చర్మం తెల్లగా పొడిబారడం చూశారుగా, వెంట్రుక కూడా అలాగే పెళుసైపోతుంది. పిడి మీది పెయింటు ఊడుతుంది, గొట్టంలోని జిగురు మెత్తబడుతుంది.

నీళ్ల కథ వేరు. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్, తేమ పీల్చి ఉబ్బుతుంది. మన జుట్టు వానాకాలంలో ఎందుకు లేస్తుందో అదే కారణం. కుచ్చు విచ్చుకుంటుంది, గొట్టంలో తేమ నిలుస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం మర్నాడు కనిపిస్తుంది. తేమ మిగిలిన బ్రష్‌ను లిక్విడ్‌లో ముంచితే అక్రిలిక్ గోరు మీద మబ్బు పట్టినట్టు తెల్లబడుతుంది. గోటి చుట్టూ చర్మానికి రాసే క్యూటికల్ ఆయిల్‌ను బ్రష్‌కు రాసి దాచమనే సలహా కూడా ఇలాంటిదే. వెంట్రుక మెరుస్తుంది నిజమే, కానీ ఆ నూనె తర్వాతి గోటి కిందికి చేరి అక్రిలిక్ లేచిపోయేలా చేస్తుంది.

బజారులో దొరికే బ్రష్ క్లీనర్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. కొన్నింటిలో మోనోమరే ఉంటుంది, దానికి వేరే పేరు, ఎక్కువ ధర. కొన్నింటిలో ఎసిటోన్ గానీ ఇథైల్ ఎసిటేట్ గానీ ఉంటాయి. లేబుల్ మీద ఏముందో రాయనివాటిని వదిలేయండి. ఏదైనా వాడి తీరాల్సి వస్తే, ఆఖరున మీరు పని చేసే లిక్విడ్‌తోనే ముంచి తుడవాలి.

లేబుల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డబ్బాల్లో, పేరు లేని సీసాల్లో చవగ్గా వచ్చే లిక్విడ్‌లో ఇథైల్‌కు బదులు మిథైల్ మెథాక్రిలేట్ ఉండే అవకాశం ఉంది. 1970ల తొలి ఏళ్లలో గోళ్లు దెబ్బతిన్నాయనే ఫిర్యాదులు వచ్చాక, అది నూరు శాతం ఉన్న ఉత్పత్తులను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోర్టు ద్వారా బజారు నుంచి తొలగించింది. వాసన మరీ ఘాటు. దానితో కట్టిన గోరు ఎసిటోన్‌కు సరిగ్గా లొంగదు, బ్రష్‌లో చేరినదీ లొంగదు.

దాచే విషయం

ఇప్పుడు నిలబెట్టాలా పడుకోబెట్టాలా అన్న తగాదా. తడి బ్రష్‌ను వెంట్రుకలు పైకి ఉండేలా పెన్నుల డబ్బాలో నిలబెడితే లిక్విడ్, దానిలో ఏమన్నా మిగిలిన పౌడర్ ఉంటే అదీ, కిందికి అంటే గొట్టంలోకి దిగుతాయి. రోగం పుట్టేది అక్కడేనని చెప్పుకున్నాం. వెంట్రుకలు కిందికి ఉండేలా గిన్నెలో నిలబెడితే కొస వంగిపోతుంది, వంగిన కొస మళ్లీ తిన్నగా రాదు. కొసకు ఏమీ తగలకుండా తలకిందులుగా వేలాడదీయడం అన్నిటికన్నా మంచిది. కానీ పడుకోబెట్టినా చాలు. చివరి తుడుపు బాగా చేసి ఉంటే పడుకోబెట్టిన బ్రష్‌కు ఏమీ కాదు, తుడవకుండా వేలాడదీస్తే ఏ స్టాండూ కాపాడలేదు. పిడి వైపు కొద్దిగా ఎత్తు ఉంచితే సరిపోతుంది.

ఆరాక మూత ఉన్న చోట పెట్టాలి. నెయిల్ టేబుల్ మీద ఎలక్ట్రిక్ ఫైల్ తిరుగుతుంటే లేచే దుమ్ము మొత్తం అక్రిలిక్ దుమ్మే. బయట పడేసిన బ్రష్ మీద అది వాలుతుంది, మర్నాడు ముంచగానే లిక్విడ్‌లో నానుతుంది. సొరుగు చాలు, లేదా పొడవాటి డబ్బా. డబ్బా ఏ ప్లాస్టిక్‌దో చూసుకోండి. పెళుసుగా, అద్దంలా మెరిసే పాలిస్టైరీన్‌ను మోనోమర్ తినేస్తుంది, థర్మోకోల్‌ను అయితే చూస్తుండగానే కరిగిస్తుంది. స్టీలు డబ్బా నిక్షేపం. బ్రష్‌తో వచ్చిన ప్లాస్టిక్ మూతను తిరిగి తొడగడం మాత్రం మానేయండి. ఒక్క వెంట్రుక మూత అంచుకు చిక్కి మడత పడినా ఆ మడత శాశ్వతం. దుకాణాల్లో కనిపించే నీలి వెలుగు స్టెరిలైజర్ పెట్టెల వల్ల కూడా బ్రష్‌కు ఒరిగేదేమీ లేదు. ఆ కాంతి కుచ్చు లోపలికి పోదు, పైన ఉన్న కెరటిన్‌ను మాత్రం బలహీనం చేస్తుంది.

మన వాతావరణానికి ఈ సలహాలు కాస్త మార్చుకోవాలి. పాఠాలు చెప్పే విదేశీ వీడియోల్లో గది 22, 23 డిగ్రీలు ఉంటుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఆ లెక్కలేవీ పనిచేయవు. లిక్విడ్ త్వరగా ఎగిరిపోతుంది, బీడ్ త్వరగా బిగుస్తుంది, బ్రష్‌లో మిగిలినదీ అంతే వేగంగా బిగుస్తుంది. చిన్న బీడ్లు తీసుకోవడం, గిన్నెలో కొద్దికొద్దిగా లిక్విడ్ పోసుకోవడం, తుడుపులు పెంచడం తప్ప దారి లేదు. విశాఖ, కాకినాడ వైపు ఉక్క వేరే సమస్య. అక్కడ తెరిచి ఉంచిన బ్రష్ గాలిలోని తేమ పీలుస్తుంది కాబట్టి పని మొదలెట్టేముందు ఒకసారి లిక్విడ్‌లో ముంచి తుడిచాకే బీడ్ తీయాలి.

పెళ్లిళ్ల సీజన్‌లో ఇంటికి వెళ్లి పెళ్లికూతురికి గోళ్లు పెట్టేవాళ్లకు ఇంకో సంగతి. ఇథైల్ మెథాక్రిలేట్ ఫ్లాష్ పాయింట్ 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంటే మన మామూలు గదిలోనే దాని ఆవిరికి నిప్పు అంటుకోగలదు. దీపం వెలుగుతున్న పూజ గది పక్కన, అగరొత్తుల దగ్గర, వంటింటి గుమ్మంలో గిన్నె తెరిచి కూర్చోకండి. ఎండలో బండి డిక్కీలో సీసా వదిలేయకండి. విమానంలో వెళ్తుంటే ఆరిన బ్రష్‌తో ఇబ్బంది లేదు, లిక్విడ్ సీసాను మాత్రం అనుమతించరు, దిగాక కొనుక్కోవాలి.

గట్టిపడినదాన్ని బతికించగలమా

గట్టిపడి ఎన్ని గంటలైందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అదే రోజుదైతే లిక్విడ్‌లో వెంట్రుకలు మాత్రమే మునిగేలా, కొస అడుగుకు తగలకుండా అరగంట ఉంచితే మెత్తబడుతుంది. గిన్నె మీద మూత లేదా రేకు కప్పండి, లేకపోతే గది నిండా వాసనే. తర్వాత సన్నటి చెక్క పుల్లను వెంట్రుకల మీద పడుకోబెట్టి, మొదటి నుంచి కొసకు మెల్లగా తోస్తూ టిష్యూ మీద తుడవాలి. రెండు మూడు విడతలు పడుతుంది. దువ్వెన, టూత్‌బ్రష్ వద్దు.

రెండు రోజులు దాటితే గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా కూడా ముడిపడిపోతాయి. అలాంటిది ఏ ద్రవంలోనూ పూర్తిగా కరగదు, కొద్దిగా ఉబ్బుతుంది అంతే. గోరువెచ్చగా చేస్తే వస్తుందేమో అని లిక్విడ్‌ను వేడిచేసే సాహసం అసలు చేయకండి. మొదట్లో గడ్డ వేలికి గట్టిగా తగులుతుంటే ఆ బ్రష్ మీద ఆశ వదులుకోవడమే.

బ్రష్ కన్నా ముందు చేతులు

కొస కూర్చడానికి వట్టి వేళ్లతో మెలిపెట్టడం ఎంతోమందికి అలవాటు. బ్రష్‌కు దానివల్ల పెద్ద నష్టం లేదు, నష్టమంతా వేళ్లకే. ఇంకా గట్టిపడని మెథాక్రిలేట్లు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావొచ్చు, వస్తే జన్మంతా ఉంటుంది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2012లో అక్రిలేట్లను ఆ ఏటి ముఖ్యమైన అలర్జీ కారకంగా ప్రకటించింది. వేళ్లు దురద పెట్టి పగలడంతో ఆగదు. పళ్ల చికిత్సలోనూ, మోకీలు మార్పిడిలో వాడే ఎముకల సిమెంటులోనూ ఇదే కుటుంబం ఉంది కాబట్టి ఎప్పుడో ఆసుపత్రిలో అది అడ్డం తిరగొచ్చు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకున్నా మోనోమర్ కొన్ని నిమిషాల్లో వాటిలోంచి చర్మందాకా వస్తుంది. లిక్విడ్ ఒలికిన గ్లవ్‌ను వెంటనే మార్చేయాలి. కొస కూర్చే పని టిష్యూకు వదిలేయండి.

కస్టమర్లు అడిగే ప్రశ్న ఒకటుంది: అందరికీ ఒకే బ్రష్ వాడితే ఇన్ఫెక్షన్ రాదా? కత్తెర, పుషర్ లాగా దీన్ని నీళ్లలో కలిపిన క్రిమిసంహారకంలో నానబెట్టలేం, నానబెడితే బ్రష్ మిగలదు. మోనోమర్‌లో సూక్ష్మజీవులు బతకడం కష్టమని గోళ్ల రసాయనం తెలిసినవాళ్లు వాదిస్తారు. ఆ మాట మీద పూర్తిగా భారం వేయకుండా, రంగు మారిన గోరు, చీము, రక్తం కనిపిస్తే ఆ చేతికి ఆ రోజు అక్రిలిక్ పెట్టకపోవడమే సరైనది. పొరపాటున రక్తం తగిలితే ధర చూడకుండా బ్రష్ పారేయాలి.

అలా కాక వయసైపోయి, కొస విచ్చుకుపోయిన బ్రష్‌లకు ఇంకా పని ఉంది. గ్లిటర్ కలిపిన అక్రిలిక్‌కు పాత బ్రష్ ఒకటి వేరుగా ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే గ్లిటర్ ఒకసారి కుచ్చులో చేరితే ఇక పోదు. ఇంకా పాడైనదాన్ని పొట్టిగా కత్తిరిస్తే గోటి అంచుల్లో ఒలికిన నెయిల్ పాలిష్‌ను ఎసిటోన్‌తో తుడవడానికి పనికొస్తుంది. ఆ బ్రష్ పిడికి మాత్రం రంగు టేపు చుట్టి, వేరే డబ్బాలో పెట్టండి. ఎసిటోన్ తాగిన బ్రష్‌ను హడావుడిలో లిక్విడ్ గిన్నెలో ముంచితే ఆ గిన్నె మొత్తం పారబోయాల్సిందే.